క్రీము డబ్బా మీద ఆ తేదీ ఎలా వస్తుంది? కాస్మెటిక్స్ ఆయుష్షు తేల్చే స్టెబిలిటీ పరీక్షలు

రంజాన్ చివరి రోజుల్లో లాడ్ బజార్‌కు వెళ్లిన కుటుంబం గాజులతోనే తిరిగి రాదు. మెహందీ కోన్లు, కాజల్, అత్తరు సీసా, పిల్లలకు పౌడర్, అమ్మకు తలనూనె, పెళ్లి కుదిరిన అమ్మాయికి ఫేస్ క్రీము కూడా సంచిలో ఉంటాయి. ధర అడుగుతారు, బేరం ఆడతారు. డబ్బా తిప్పి తేదీ చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లు కూడా ‘ఇంకా ఏడాదిన్నర ఉంది, పర్వాలేదు’ అనుకుని డబ్బులిచ్చేస్తారు.

ఆ ఏడాదిన్నర ఎక్కడి నుంచి వచ్చింది? ఫలానా క్రీముకు ఇన్ని నెలలు అని ప్రభుత్వం ఎక్కడా నిర్ణయించలేదు. తయారీదారు తన సరుకును కొన్ని నెలలపాటు వేడిలో, చలిలో, వెలుతురులో ఉంచి, సూక్ష్మజీవులను కలిపి చూసి, ‘ఇంతకాలం ఇది మారకుండా ఉంటుంది’ అని ఇచ్చే హామీ అది. ఆ హామీకి షరతులుంటాయి. మూత తీయకూడదు, చెప్పిన ఉష్ణోగ్రతలోనే ఉంచాలి, తయారైన ప్యాకింగ్‌లోనే ఉండాలి. షరతు తప్పితే డబ్బా మీద తేదీ మిగిలి ఉన్నా హామీ పోయినట్టే.

చట్టం ఏం అడుగుతుంది

మన దేశంలో సౌందర్య సాధనాలు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందికి వస్తాయి. మొదట్లో మందులకూ వీటికీ రూల్స్ ఒకే పుస్తకంలో ఉండేవి. 2020 డిసెంబర్‌లో కాస్మెటిక్స్ రూల్స్ విడిగా వచ్చాయి. వాటి ప్రకారం లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, తయారీ లైసెన్స్ నంబర్, ‘యూజ్ బిఫోర్’ లేదా ఎక్స్‌పైరీ తేదీ వంటివి ఉండాలి. తేదీ వేయమని రూల్ చెబుతుంది. ఎన్ని నెలలు వేయాలన్నది తయారీదారు తేల్చుకోవాలి.

యూరప్‌లో పద్ధతి కొంచెం వేరు. సరుకు ఆయుష్షు 30 నెలలు లేదా అంతకంటే తక్కువైతే తేదీ తప్పనిసరిగా వేయాలి. 30 నెలలు దాటితే తేదీ అక్కర్లేదు. దానికి బదులు మూత తెరిచిన డబ్బా బొమ్మ వేసి, అందులో తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో రాస్తారు. అమెరికాలో మామూలు కాస్మెటిక్స్‌కు ఎక్స్‌పైరీ తేదీ వేయాలని చట్టం బలవంతపెట్టదు. అయితే సరుకు భద్రంగా ఉండేలా చూసే బాధ్యత మాత్రం తయారీదారుదే. అందుకే అక్కడి బంధువులు పంపిన లోషన్ మీద తేదీ కనిపించకపోతే అది నకిలీ అని వెంటనే తేల్చేయలేం. కానీ మన దగ్గర తయారై మన బజారులో అమ్మే క్రీము మీద తేదీ లేకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

చెడిపోవడం అంటే ఏంటి

క్రీము చెడిపోయిందంటే మనకు తెలిసేది వాసన, రంగు. ల్యాబ్‌లో దాన్ని నాలుగైదు వైపుల నుంచి చూస్తారు.

క్రీము అంటే నూనె, నీళ్లు ఒకదానిలో ఒకటి కలిసి నిలబడేలా చేసిన మిశ్రమం. మజ్జిగ కాసేపు వదిలేస్తే పైన నీరు తేలినట్టు, ఇందులోనూ కొన్నాళ్లకు నూనె పైకి తేలొచ్చు, నీళ్లు అడుగుకు దిగొచ్చు. ఇది భౌతికమైన మార్పు. రెండోది రసాయన మార్పు. విటమిన్ సి సీరమ్ కొన్నప్పుడు నీళ్లలా ఉండి, తర్వాత పసుపు రంగుకు, ఆపై గోధుమ రంగుకు తిరగడం చాలామంది చూసే ఉంటారు. గాలి తగిలి విటమిన్ మారిపోయిందన్నమాట. బాదం నూనె పాతబడితే వచ్చే ముక్క వాసన కూడా ఇలాంటిదే. మూడోది సూక్ష్మజీవులు పెరగడం. దీని గురించి వివరంగా చెప్పుకోవాలి. నాలుగోది ప్యాకింగ్. ప్లాస్టిక్ గోడల గుండా నీరు మెల్లగా ఆవిరైపోయి క్రీము గట్టిపడుతుంది, సువాసన నూనెలు మూత లోపలి లైనింగ్‌ను తినేస్తాయి, పంపు బిగుసుకుపోతుంది. అందుకే పరీక్షను గాజు సీసాలో చేస్తే చాలదు, అమ్మబోయే అసలు డబ్బాలో కూడా పెట్టి చేయాలి. డబ్బా మారిస్తే పాత పరీక్ష చెల్లదు. ఖర్చు తగ్గుతుందని మధ్యలో చవక ట్యూబుకు మారే చిన్న కంపెనీలు తప్పు చేసేది ఇక్కడే.

రెండేళ్లు ఆగకుండా రెండేళ్ల సంగతి తెలుసుకోవడం

రెండేళ్ల హామీ ఇవ్వాలంటే రెండేళ్లు దాచి చూడటమే నికార్సైన పద్ధతి. దీన్ని రియల్ టైమ్ పరీక్ష అంటారు. కానీ వ్యాపారంలో అంతకాలం ఎవరు ఆగుతారు? పెట్టుబడి ఇరుక్కుపోతుంది, పండగ సీజన్లు రెండు దాటిపోతాయి. అందుకే వేడి పెంచి కాలాన్ని తొందరపెట్టే ‘యాక్సిలరేటెడ్’ పరీక్ష వచ్చింది.

దీనికి మూలం స్వీడన్ రసాయన శాస్త్రవేత్త స్వాంటే అరేనియస్ 1889లో ఇచ్చిన సూత్రం. ఉష్ణోగ్రత పెరిగితే రసాయన చర్య ఎంత వేగం అందుకుంటుందో అది లెక్క చెబుతుంది. ఆ లెక్కను పరిశ్రమ ఒక మోటు సూత్రంగా మార్చుకుంది. ప్రతి 10 డిగ్రీల సెల్సియస్‌కు వేగం దాదాపు రెట్టింపు అవుతుందన్నదే ఆ సూత్రం. సాధారణంగా క్రీము నమూనాలను 40 లేదా 45 డిగ్రీల పెట్టెల్లో 12 వారాలు ఉంచుతారు. పక్కనే గది ఉష్ణోగ్రతలో కొన్ని, ఫ్రిజ్‌లో కొన్ని పోలిక కోసం ఉంటాయి. మొదటి రోజు, రెండో వారం, నాలుగో వారం, ఎనిమిదో వారం, పన్నెండో వారం ఇలా బయటకు తీసి రంగు, వాసన, చిక్కదనం, పీహెచ్, బరువు కొలుస్తారు. విటమిన్ లాంటి ముఖ్యమైన పదార్థం ఉంటే అది ఇంకా ఎంత శాతం మిగిలిందో చూస్తారు.

12 వారాలు తట్టుకుంటే ‘రెండేళ్లు ఆగుతుంది’ అనడం ఈ రంగంలో వాడుక. దీన్ని కాగితం మీద పెట్టి చూస్తే ఆసక్తికరంగా ఉంటుంది. నమూనాను 45 డిగ్రీల్లో ఉంచారు, దుకాణంలో 25 డిగ్రీలు ఉంటుందని అనుకున్నారు. తేడా 20 డిగ్రీలు. ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు లెక్కన వేగం 4 రెట్లు. అంటే 3 నెలల పరీక్ష 12 నెలలకే సమానం, 24కు కాదు. 24 రావాలంటే వేగం 8 రెట్లు కావాలి. అంటే ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు చాలదు, దాదాపు మూడింతలు పెరగాలి. కొన్ని రసాయన మార్పులు అలా పెరుగుతాయి, కొన్ని పెరగవు. కాబట్టి ‘మూడు నెలలంటే రెండేళ్లు’ అన్నది రుజువైన సూత్రం కాదు, అనుభవం మీద నడిచే అంచనా మాత్రమే.

ఇప్పుడు ఆ 25 డిగ్రీల దగ్గర ఆగాలి. ఏసీ లేని హైదరాబాద్ ఇంట్లో మే నెలలో గది 35 డిగ్రీలకు సులువుగా చేరుతుంది. 35కూ 45కూ తేడా 10 డిగ్రీలే. అదే మోటు లెక్కలో, 3 నెలల పరీక్ష ఆ గదిలో 6 నెలలకే భరోసా ఇస్తుంది. ఏడాదంతా మే నెల ఉండదు కాబట్టి డబ్బా ఆరు నెలల్లోనే పాడైపోతుందని దీని అర్థం కాదు. కానీ చల్లటి దేశాన్ని దృష్టిలో పెట్టుకుని వేసిన తేదీ, రేకుల షెడ్డు కింద నడిచే దుకాణంలో అంతే నిజమని అనుకోలేం.

మందుల విషయంలో ఈ సంగతిని ఎప్పుడో గుర్తించారు. ప్రపంచాన్ని వాతావరణాన్ని బట్టి మండలాలుగా విడగొట్టి, వేడి, తేమ బాగా ఎక్కువగా ఉండే మండలానికి దీర్ఘకాల పరీక్షను 30 డిగ్రీలు, 75 శాతం తేమలో చేయాలన్నారు. తొందరపెట్టే పరీక్ష 40 డిగ్రీలు, 75 శాతం తేమలో 6 నెలలు సాగుతుంది. కాస్మెటిక్స్‌కు ఇంత కచ్చితమైన నిబంధన లేదు. 2018లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ విడుదల చేసిన 18811 నంబరు పత్రం కూడా మార్గదర్శకమే. ఏ వేడిలో, ఎన్నాళ్లు పరీక్షించాలో సరుకును బట్టి, అమ్మే ప్రాంతాన్ని బట్టి తయారీదారే ఎంచుకోవాలి. మంచి కంపెనీలు మన వాతావరణానికి తగ్గట్టు 30 డిగ్రీలకు, 40 డిగ్రీలకు పరీక్షిస్తాయి.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే పార్సిళ్ల సంగతీ ఇంతే. జెడ్డాలోనో దుబాయ్‌లోనో ఏసీ దుకాణంలో కొన్న లోషన్, జూలైలో కార్గో కంటైనర్‌లో వారాల తరబడి ప్రయాణం చేస్తే ల్యాబ్‌లో పడిన పరీక్ష కంటే పెద్ద పరీక్షే పడుతుంది. చెక్-ఇన్ సూట్‌కేసులో తెచ్చుకున్నది దీనికంటే నయం.

వేడి ఒక్కటే చాలదు

వేడి పెంచి చూసే లెక్క రసాయన మార్పులకే బాగా వర్తిస్తుంది. నూనె, నీళ్లు విడిపోవడానికి అది అంతగా పనికిరాదు. 50 డిగ్రీలు దాటితే క్రీములోని మైనం కరిగిపోయి, మామూలు గదిలో పదేళ్లకూ జరగనిది అక్కడ ఒక్క రోజులో జరగొచ్చు. లిప్‌స్టిక్‌ను అంత వేడిలో పెట్టి ‘ఫెయిల్’ అనడం అన్యాయం. అందుకే ఇతర పరీక్షలూ ఉంటాయి. గడ్డకట్టించి, మళ్లీ మామూలు వేడికి తెచ్చి, మళ్లీ గడ్డకట్టించడం ఒకటి. ఇలా మూడు నుంచి ఐదు సార్లు చేస్తారు. మిశ్రమం బలహీనంగా ఉంటే ఇక్కడే విరిగిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పడం ఇంకొకటి. కవ్వంతో చిలికితే వెన్న విడిపోయినట్టు, సరిగా కలవని క్రీము అరగంటలో విడిపోతుంది. రెండేళ్ల సంగతిని ఇది చెప్పదు కానీ, పనికిరాని ఫార్ములాను మొదటి రోజే పక్కన పెట్టేస్తుంది.

వెలుతురు పరీక్ష పారదర్శకమైన సీసాలకు ముఖ్యం. దుకాణం అద్దాల అరలో, ట్యూబ్ లైటు కింద వరసగా నిలబెట్టిన రంగురంగుల షాంపూలు, రోజ్ వాటర్ సీసాలు కొన్నాళ్లకు వెలిసిపోవడం తెలిసిందే. ముదురు రంగు సీసాలో, అట్టపెట్టెలో పెట్టి అమ్మేది ఈ కారణంగానే. కొనగానే అట్టపెట్టె పారేసేవాళ్లు దాన్ని కొంచెం దాచుకుంటే మంచిది.

కంటికి కనపడనిది

సూక్ష్మజీవుల పరీక్షే అన్నిటికంటే ముఖ్యమైనది. రంగు మారిన క్రీము డబ్బులు దండగ చేస్తుంది, అంతే. సూక్ష్మజీవులు పెరిగిన కాజల్ కంటికి ప్రమాదం తెస్తుంది. పైగా అవి లక్షల్లో పెరిగినా వాసన రాకపోవచ్చు, రంగు మారకపోవచ్చు.

దీనికోసం చేసేదాన్ని ‘ఛాలెంజ్ టెస్ట్’ అంటారు. ఐఎస్‌ఓ 11930 పద్ధతిలో ఐదు రకాల జీవులను క్రీములో కావాలనే కలుపుతారు. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ ఆరియస్, తడిచోట్ల బతికే సూడోమోనాస్ ఎరుజినోసా, మలంలో ఉండే ఇ.కోలి, కాండిడా అనే ఈస్ట్, ఆస్పర్జిల్లస్ అనే బూజు. ఒక్కో గ్రాముకు బాక్టీరియాను లక్ష నుంచి పది లక్షల వరకు వేస్తారు. తర్వాత 7, 14, 28 రోజులకు లెక్కపెడతారు. కఠినమైన ప్రమాణం ప్రకారం పాస్ కావాలంటే ఏడో రోజుకే బాక్టీరియా వెయ్యో వంతుకు పడిపోవాలి, ఆ తర్వాత మళ్లీ పెరగకూడదు. ఈస్ట్, బూజులకు కొంత సడలింపు ఉంది. ఈ పరీక్షను కొత్త నమూనా మీద చేసి ఊరుకోకూడదు. 12 వారాలు వేడిలో ఉండి వచ్చిన నమూనా మీద కూడా చేయాలి. ఎందుకంటే ప్రిజర్వేటివ్ కూడా ఒక రసాయనమే, కాలంతో దాని బలమూ తగ్గుతుంది.

అమ్మే సరుకులో ఎన్ని జీవులు ఉండొచ్చన్నదానికి ఐఎస్‌ఓ 17516 హద్దు పెట్టింది. మామూలు కాస్మెటిక్స్‌లో గ్రాముకు 1000 దాటకూడదు. కళ్ల దగ్గర వాడేవాటికి, మూడేళ్లలోపు పిల్లల వాటికి 100. పై ఐదింటిలో బూజు మినహా మిగతా నాలుగు ఒక గ్రాములో అసలు కనిపించకూడదు.

ఇది అతి జాగ్రత్త అనిపిస్తే మస్కారా కథ గుర్తు చేసుకోవాలి. 1970లలో అమెరికాలో కొందరు స్త్రీలకు కంటి నల్లగుడ్డు మీద పుండ్లు పడ్డాయి. వాళ్లు వాడుతున్న మస్కారాలో సూడోమోనాస్ ఉందని వైద్యులు గుర్తించి 1977లో వివరాలు ప్రచురించారు. బ్రష్ కంటిని తాకడం, మళ్లీ ట్యూబులోకి వెళ్లడం, లోపల చీకటి, తడి... జీవులకు అంతకంటే ఏం కావాలి? కార్నియా మీద చిన్న గీత పడితే చాలు, సూడోమోనాస్ చూపును దెబ్బతీయగలదు. అందుకే మస్కారాను మూడు నెలలకు మించి వాడవద్దని నిపుణులు చెబుతారు, డబ్బా మీద రెండేళ్ల తేదీ ఉన్నా సరే. ఎండిపోయిందని నీళ్లో, ఉమ్మో కలిపి మెత్తబరచడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. అక్కాచెల్లెళ్లు, పెళ్లింట్లో చుట్టాలు ఒకే కాజల్ పెన్సిల్ తిప్పుకోవడం రెండో చెడ్డ అలవాటు.

‘ప్రిజర్వేటివ్ లేనిది’ అని గర్వంగా అమ్మే నీటి క్రీములను కూడా ఈ కోణంలోనే చూడాలి. ఉదాహరణకు ఫినాక్సీఎథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను యూరప్ చట్టం 1 శాతం వరకు అనుమతిస్తుంది. అంత తక్కువ మోతాదు లేకపోతే నీళ్లున్న క్రీము నాలుగైదు రోజుల్లో బాక్టీరియాకు విందు అవుతుంది. ‘నేచురల్’ అన్న మాట ఆ బాక్టీరియాకు తెలియదు కదా.

నీళ్లు లేనివాటి సంగతి వేరు

సూక్ష్మజీవి పెరగాలంటే నీళ్లు కావాలి. నీళ్లు లేని అత్తరు, తలనూనె, పొడి మెహందీ, ఉబ్టన్ పొడి, సుర్మా వీటిలో అవి పెద్దగా పెరగలేవు. అందుకే వీటికి ఛాలెంజ్ టెస్ట్ అంత ముఖ్యం కాదు. అలాగని ఆయుష్షు లేదని కాదు, చెడే దారి వేరంతే.

నూనెలకు శత్రువు గాలి. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వులు ఎక్కువ కాబట్టి అది నెమ్మదిగా పాతబడుతుంది. బాదం, అవిసె లాంటివి తొందరగా పడతాయి. ల్యాబ్‌లో పెరాక్సైడ్ విలువ కొలిచి నూనె ఎంతవరకు పాడైందో చెబుతారు. ఇంట్లో అయితే ముక్కే ల్యాబ్. సుగంధ తైలాలకూ ఇదే బాధ. నిమ్మ, నారింజ వాసనల్లోని లిమొనీన్, లావెండర్‌లోని లినలూల్ గాలితో కలిసి మారినప్పుడు పుట్టే పదార్థాలు చర్మానికి అలర్జీ తెస్తాయి. అత్తరు పాతబడేకొద్దీ బాగుంటుందన్న మాట గంధం, ఊద్ లాంటి బరువైన వాసనల విషయంలో వినిపిస్తుంది. నిమ్మజాతి వాసనకు అది వర్తించదు. పెద్ద సీసాలో అడుగున కొంచెం మిగిలితే దాన్ని చిన్న సీసాలో నిండుగా పోసుకుంటే గాలి తక్కువ తగులుతుంది.

ఉబ్టన్ పొడి డబ్బాలో తడి చెంచా పెట్టిన రోజు నుంచి అది పొడి సరుకు కాదు. డబ్బా మీది తేదీ కూడా ఆ రోజుతో చెల్లినట్టే.

సుర్మా గురించి ఒక మాట. రాతి సుర్మా ఏళ్లు గడిచినా చెడదు. దాన్ని ఏ స్టెబిలిటీ పెట్టెలో పెట్టినా పాస్ అవుతుంది. కానీ సంప్రదాయ సుర్మా రాయి చాలాసార్లు గెలీనా, అంటే సీసం సల్ఫైడ్. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పిల్లల మెదడు ఎదుగుదలను అది దెబ్బతీస్తుంది. రంగు కోసం సీసం సమ్మేళనాలు వాడి కాస్మెటిక్స్ తయారు చేయడాన్ని మన రూల్స్ నిషేధించాయి. కాబట్టి ‘చెడిపోలేదు’ అన్నదీ ‘మంచిది’ అన్నదీ ఒకటి కాదు. ఎక్స్‌పైరీ తేదీ మొదటి ప్రశ్నకే జవాబిస్తుంది. పసిపిల్లల కళ్లకు సుర్మా పెట్టే ముందు రెండో ప్రశ్న అడగాలి.

మెహందీ కోను చెప్పే నిజం

తేదీని చూసి సరుకు గుట్టు పట్టుకోవడానికి మెహందీ కోను మంచి ఉదాహరణ. గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్. ఆకు పొడిని నిమ్మరసంతోనో నీళ్లతోనో కలిపితే కొన్ని గంటలకు అది బయటికొస్తుంది. అక్కడి నుంచే దాని బలం తగ్గడం మొదలవుతుంది. అచ్చమైన మెహందీ ముద్ద బయట ఉంటే కొద్ది రోజుల్లోనే పండే గుణం పోగొట్టుకుంటుంది. ఫ్రీజర్‌లో అయితే నెలలు ఆగుతుంది. అందుకే నికార్సుగా చేసేవాళ్లు ఆర్డర్ వచ్చాకే కలుపుతారు, ‘రాగానే ఫ్రీజర్‌లో పెట్టండి’ అని చెబుతారు.

మరి మే ఎండలో తోపుడు బండి మీద నిలబడి, రెండేళ్ల తేదీ మోస్తున్న కోను ఎలా పండుతోంది? అందులో పండేది ఒక్క ఆకేనా అని అనుమానించాలి. అసలు మెహందీ కడిగిన వెంటనే నారింజ రంగులో ఉండి, ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది. అరగంటలో నల్లగా పండేదాంట్లో పీపీడీ అనే హెయిర్ డై రసాయనం ఉండే అవకాశం ఎక్కువ. చర్మం మీద అది బొబ్బలు తెప్పించగలదు. ఒకసారి అలర్జీ మొదలైతే తర్వాత జీవితమంతా తలకు రంగు వేసుకోవడమూ కష్టమే. పెళ్లికూతురి చేతుల విషయంలో ఈ లెక్క తప్పితే నికా రోజు పాడవుతుంది.

ఇంట్లో చేసి అమ్మేవాళ్లకు

ఈ నాలుగైదేళ్లలో ఎంతోమంది మహిళలు ఇంట్లోనే కోన్లు, సబ్బులు, తలనూనె, ఫేస్ ప్యాక్‌లు చేసి వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నారు. ఇల్లు గడవడానికి అది చిన్న ఆసరా కాదు. కానీ లేబుల్ దగ్గరికొచ్చేసరికి చాలామంది పెద్ద కంపెనీ డబ్బా చూసి ‘24 నెలలు’ అని దించేస్తారు. ఆ కంపెనీ తన ఫార్ములాకు, తన డబ్బాకు, తన ప్రిజర్వేటివ్‌కు చేయించుకున్న పరీక్ష అది. మిక్సీలో తిప్పిన కలబంద జెల్‌కు దానితో ఏ సంబంధమూ లేదు.

మొదట చెప్పాల్సింది, అమ్మకానికి కాస్మెటిక్స్ తయారు చేయాలంటే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ విభాగం లైసెన్స్ కావాలి. ఇంటి వంటగదికి అది దొరకడం కష్టం. లైసెన్స్ ఉన్న ఫ్యాక్టరీలో తమ పేరు మీద చేయించుకునే దారి ఉంది, ‘లోన్ లైసెన్స్’ అనే పద్ధతినీ రూల్స్ గుర్తించాయి. అలా వెళ్లేవాళ్లు ఫ్యాక్టరీని అడగాల్సిన కాగితాలు రెండు. ఒకటి, తమ ప్యాకింగ్‌లోనే చేసిన స్టెబిలిటీ రిపోర్టు. రెండోది, ఛాలెంజ్ టెస్ట్ రిపోర్టు. ‘మా దగ్గర అందరికీ ఇదే తేదీ వేస్తాం’ అని జవాబొస్తే ఆ పరీక్ష జరగలేదని అర్థం. పరీక్ష బయట చేయించాలంటే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులు ఉన్నాయి. వెళ్లే ముందు ఆ గుర్తింపు కాస్మెటిక్స్ పరీక్షలకు ఉందో లేదో అడగాలి.

ప్రతి బ్యాచ్ నుంచి రెండు మూడు డబ్బాలు సీలు తీయకుండా దాచిపెట్టడం కంపెనీలన్నీ చేసే పని. కస్టమర్ ఫోన్ చేసి ‘ఆపా, క్రీము నీరు కారుతోంది’ అంటే, దాచిన డబ్బాతో పోల్చి చూస్తే తప్పు తయారీలో ఉందా, ఆమె దాన్ని స్కూటర్ డిక్కీలో మరిచిపోయిందా అన్నది తేలుతుంది. తేదీని తక్కువ వేస్తే మిగిలిన సరుకు వెనక్కొస్తుందన్న భయం నిజమే. దానికి మందు బ్యాచ్ చిన్నది చేయడమే. తేదీ పెంచడం మందు కాదు.

మూత తీశాక

డబ్బా మీద తేదీ మూత తీయని సరుకుకు. తీశాక ఇంకో గడియారం మొదలవుతుంది. తెరిచిన డబ్బా బొమ్మలో 12 అంకె, పక్కన ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరం ఉంటే తెరిచిన నాటి నుంచి 12 నెలలు అని. 6 ఉంటే 6 నెలలు. ఈ రెండు గడియారాల్లో ఏది ముందు ఆగితే అదే లెక్క. తెరిచిన తేదీని డబ్బా అడుగున మార్కర్ పెన్నుతో రాసుకుంటే గుర్తు పెట్టుకోవాల్సిన బాధ ఉండదు.

వెడల్పు మూతి డబ్బాలో రోజూ వేలు పెట్టి తీసే క్రీము కంటే పంపు సీసాలోది, ట్యూబులోది శుభ్రంగా ఉంటుంది. డబ్బానే ఉంటే పొడి చెంచా వాడాలి. బాత్రూమ్‌లో గీజర్ పక్కన, వంటింటి కిటికీ దగ్గర, కారు డాష్‌బోర్డులో పెట్టకూడదు. బెడ్‌రూమ్ అల్మారా చాలు. ఫ్రిజ్‌లో పెట్టాలా అని చాలామంది అడుగుతారు. విటమిన్ సి సీరమ్‌కు, ఇంట్లో చేసిన జెల్‌కు మంచిదే. మామూలు క్రీములకు అక్కర్లేదు, మరీ చల్లబడితే కొన్ని విరిగిపోతాయి కూడా.

కొనేటప్పుడు డబ్బా మీద పాత తేదీ చెరిపిన మరక, దాని మీద కొత్త స్టిక్కర్ కనిపిస్తే, లేదా అట్టపెట్టె మీద ఒక తేదీ, లోపలి ట్యూబు మడత మీద ఇంకో తేదీ ఉంటే తీసుకోకూడదు. బిల్లు అడగాలి. దాని మీద బ్యాచ్ నంబర్ రాయించుకోగలిగితే ఇంకా మంచిది. తెలంగాణలో డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు ఫిర్యాదు చేయాల్సి వస్తే బిల్లు, ఆ నంబర్, డబ్బా ఫొటో ఈ మూడూ పనికొస్తాయి. వాడి చర్మం మీద మంట, దద్దుర్లు వస్తే కోపంతో డబ్బా పారేయకుండా మూత బిగించి పక్కన పెట్టాలి. డాక్టరుకు చూపించేటప్పుడు అది అవసరమవుతుంది.